స్తంభం వెనక సీటు

మెట్ల కింద రఫూ కొట్టు,
జూన్, ఆదివారం

ఒరేయ్ రంగుల డబ్బా,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. అక్క జవాబు రాయలేదని ఈపాటికి మరదలి దగ్గర నా మీద చాడీలు చెప్పే ఉంటావు. చెప్పుకో. ఎలుకలన్నీ కూడబలుక్కుని ఊళ్ళో ఉన్న కోట్లన్నీ ఒకేసారి కొరికినట్టున్నాయి. పొద్దున్నే సూది పడితే దీపాలు పెట్టేదాకా తల ఎత్తడం లేదు.

అసలు సంగతి విను. ఈ ఏడు నాటకాల హాలుకి ఆరు నెలల టిక్కెట్లు తీసుకున్నాం. నెలకో నాటకం, శనివారం మధ్యాహ్నం ఆట. నేనూ, పై వాటాలో ఉండే లెక్కల టీచరమ్మా, పోస్టమ్మా. పోస్టమ్మంటే తెలుసుగా, ఈ కవరు మీద ముద్ర గుద్దే మహాతల్లి. నీ ఉత్తరం వచ్చిందంటే నాకంటే ముందు ఆవిడకి తెలుస్తుంది. మీ బావని తీసుకెళ్ళలేదు. పోయినేడు ఒక్కసారి వస్తే మొదటి అంకంలోనే గురక మొదలెట్టాడు. వేదిక మీద చచ్చిపోతున్నవాడు కళ్ళు తెరిచి మావైపు చూశాడు. ఇక ఆయన ఇంట్లోనే నిద్రపోవాలని ముగ్గురం తీర్మానించాం.

మూడు సీట్లూ పక్కపక్కనే గానీ గోడవైపు దానికి ఎదురుగా ఓ లావుపాటి స్తంభం. దాని వెనక కూర్చున్నవాళ్ళకి సగం వేదికే కనిపిస్తుంది. అందుకని టీచరమ్మ ఒక రూలు పెట్టింది. ఆటకి ముందు చీటీలు తీయాలి. స్తంభం ఎవరికి వస్తే వాళ్ళకి, ఆట అయ్యాక నడిచి వచ్చేటప్పుడు, మిగతా ఇద్దరూ కనిపించని సగం కథ చెప్పాలి. నిన్న ఆవిడకే వచ్చింది. రూలు పెట్టినవాళ్ళకే రావడం న్యాయమని పోస్టమ్మ హాలు బయట నిలబడి నవ్వింది.

కిరీటం ఎవరికీ వద్దనే ఒక రాజ్యం కథ. బాగుంది. మన ఆట మర్చిపోలేదు, రాసుకో. రాణి శాలువా 207, అంచు 211. సేనాపతి కోటు నేను 140 అన్నాను, పోస్టమ్మ కాదు నలుపే అంటుంది. వాళ్ళ దీపాలు మరీ మసక, బల్బులు మార్చాలి. అన్నట్టు నా షేడ్ కార్డు మడతల దగ్గర చిరిగిపోయింది. కొత్తది పంపు.

మీ అక్క

*

రంగుల కొట్టు, వెనక గది,
జూన్, బుధవారం

సూదక్కా,

నీమీద చాడీలు చెప్పాల్సిన పని లేదు. మీ మరదలే, “మీ అక్కయ్య రాయకపోతే బాగున్నారనే లెక్క” అంటుంది.

కొత్త కార్డు పంపుతున్నాను. నాన్న పనిలోంచి రాగానే నిచ్చెన గోడకి ఆనించి, జేబులోంచి షేడ్ కార్డు తీసి మన మధ్యన పడేసేవాడు గుర్తుందా? నువ్వు వస్తువు పేరు చెప్తే నేను నంబరు చెప్పాలి. నేను ఎప్పుడూ ఓడిపోయేవాణ్ణి. ఇప్పుడు రోజూ అదే పని చేస్తూ జీతం తీసుకుంటున్నాను. నిన్న ఒకాయన వచ్చి, మా అత్తగారికి నచ్చని రంగేదైనా ఉంటే ఇవ్వండి, ముందు గదికి వేస్తాను అన్నాడు. ఆవిడ కూడా వెనకాలే ఉంది. ఇద్దరూ అరగంట పోట్లాడుకుని చివరికి ఒకే రంగు పట్టుకెళ్ళారు.

సేనాపతి కోటు 140 అయితే ముదురు నీలం. నలుపుకీ దానికీ చాలా దూరం. నువ్వు అన్నావంటే అదే అయ్యుంటుంది, పోస్టమ్మగారికి చెప్పు.

ఈ కార్డులో నీకో కబురు దాచాను. వెతుక్కో. పెద్ద కష్టం కాదు, నీ కంటికి అరనిమిషం పని.

తమ్ముడు

*

రఫూ కొట్టు,
ఆగస్టు, సోమవారం

ఒరేయ్,

పెన్ను మొరాయించింది. గుడ్డ మీద గుర్తులు పెట్టే లావు పెన్నుతో రాస్తున్నా. అక్షరాలు బండగా ఉంటే ఏమీ అనుకోకు.

రెండు నాటకాల బాకీ ఉన్నా. కార్డు అందింది, కబురు కూడా చూశాన్లే. నవ్వొచ్చింది.

జూలైలో చూసింది ఒక పడక్కుర్చీ కోసం కొట్టుకునే అన్నదమ్ముల కథ. ఈ శనివారంది ఓడ కెప్టెన్‌ది. ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చుని, రాని ఓడ కోసం చూస్తుంటాడు. ఆ ముసలాయన గొంతు వినాలిరా నువ్వు. కోపం వచ్చినప్పుడు పెంచడు, తగ్గిస్తాడు. హాలంతా ఊపిరి బిగబట్టుకుంటుంది. చేతికర్ర వేదిక మూడో చెక్క మీద పడ్డప్పుడల్లా అది కిర్రుమంటుంది, మిగతావి అనవు. ఆయన తలుపు దాకా వచ్చాడని దాన్నిబట్టే తెలిసిపోతుంది. కూతురు వచ్చినప్పుడు గాజు గ్లాసు పెట్టిన చప్పుడు కూడా వేరే. కోపంగా పెట్టింది.

స్తంభం సీటు రెండుసార్లూ నేనే తీసుకున్నాను. చీటీలెందుకు, నాకు వినడమే ఇష్టం అన్నాను. టీచరమ్మ రూలు రూలే అని గొణిగింది గానీ చివరికి ఒప్పుకుంది. వచ్చేటప్పుడు దారి పొడుగునా ఇద్దరూ పోటీపడి చెప్తారు. పోస్టమ్మ అయితే చేతులూపుతూ మొత్తం ఆడి చూపిస్తుంది. జనం ఆగి చూస్తున్నారు కూడా. ఇంత మర్యాద నాకు పుట్టి బుద్ధెరిగాక జరగలేదు.

కెప్టెన్ కూతురి కోటు 318. చాలా బాగుంది.

మరదల్ని అడిగానని చెప్పు.

అక్క

*

రంగుల కొట్టు,
ఆగస్టు, శుక్రవారం

అక్కా,

ఇది మూడోసారి రాస్తున్నాను. రెండు చింపేశాను.

318 మన నాన్న సైకిలు రంగు. నీకూ నాకూ నిద్రలో లేపి అడిగినా చెప్పే నంబరు అది. కంపెనీవాళ్ళు ఈ ఏడాది నుంచి ఆ రంగు మానేశారు. అందుకే నీకు పంపిన కార్డులో ఆ గడి మీద తెల్ల కాగితం ముక్క అంటించి, దానిమీద నాలుగు మాటలు రాశాను. నేను దాచిన కబురు అదే. కార్డు విప్పి చూసినవాళ్ళెవరూ 318 అని రాయరు. అక్కడ రంగే లేదు.

కబురు చూశానని, నవ్వొచ్చిందని రాశావు. అది నవ్వొచ్చే కబురు కాదు.

ఇంకో మాట. రెండు నాటకాల గురించి రెండు పేజీలు రాశావు, ఒక్కళ్ళ ముఖం లేదు. అన్నీ చప్పుళ్ళే. కవరు మీద నువ్వు రాసిన నా అడ్రసుని ఎవరో సన్నటి పెన్నుతో దిద్దారు. ఇంటి నంబరు పక్క లైన్లోకి పోతే మళ్ళీ వెనక్కి తెచ్చారు.

నీకు చూపు ఎంత తగ్గిందక్కా?

తమ్ముడు

*

రఫూ కొట్టు,
ఆగస్టు, బుధవారం

నాకేం తగ్గలేదు. తగ్గిందల్లా నీ బుద్ధి. నంబరు పొరపాటుగా రాస్తే దానికి పంచాయితీ పెట్టావు. పోలీసు ఉద్యోగంలో చేరాల్సినవాడివి రంగులు కలుపుతున్నావు. మీ బావకి ఒక్క ముక్క రాశావంటే నీకూ నాకూ మాటల్లేవు.

అక్క

*

రంగుల కొట్టు,
సెప్టెంబరు, ఆదివారం

అక్కా,

తిట్టావు కాబట్టి ధైర్యం వచ్చింది. తిట్టకుండా ఉంటే ఇంకా భయపడేవాణ్ణి.

బావకి రాయను. నువ్వు భయపడేది దేనికో నాకు తెలుసు. నాన్న ఆ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, మనం గదిలోకి రాగానే “ఎవరది?” అని అడిగే రోజులు నువ్వే ఎక్కువ చూశావు. నాకప్పుడు పదకొండేళ్ళు. నాన్నకి తెలియాలని మెట్ల అంచులకి నేను తెల్ల రంగు పూశాను. ఆయన, ఏం పూశావురా అని చేత్తో తడిమి చూశాడు. ఆరని రంగు వేళ్ళకి అంటుకుంది. అప్పుడు నువ్వు నన్ను కొట్టి తర్వాత నువ్వే ఏడ్చావు.

ఊళ్ళకి రంగులు వేసిన మనిషి అలా కూర్చుంటే ఎవరమూ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళలేదు. అమ్మ, వయసు అంది. మనం చిన్నపిల్లలం. ఇప్పుడు కాదు కదా.

ఒక్కసారి చూపించుకో. నాకోసం అనుకో. చీటీ మీద ఏం రాశానో చెప్పను. ఎవరి చేతా చదివించుకోకు. నువ్వే చదివి నాకు రాయాలి.

తమ్ముడు

*

టీచరమ్మ వాటా, పై అంతస్తు,
సెప్టెంబరు, ఆదివారం

తమ్ముడూ,

ఈ ఉత్తరం టీచరమ్మ చేత రాయిస్తున్నాను. నేను చెప్పింది చెప్పినట్టే రాయాలని ఒట్టు పెట్టించుకున్నా. నా పదాలు కొన్ని బాగాలేవని ఆవిడ ఇప్పటికే అంటోంది.

ముందుగా చెప్పేస్తా, నువ్వు భయపడకు. శుక్లాలు. రెండు కళ్ళకీ. కోసి తీసేసి గాజు బిళ్ళ లాంటిది పెడతారట. పావుగంట పని. ఆ డాక్టరమ్మ కూరగాయల బేరమంత తేలిగ్గా చెప్పింది.

ఇప్పుడు మొదట్నుంచి విను. చలికాలం నుంచే అంతా ఆవిరి పట్టిన అద్దంలోంచి చూసినట్టుండేది. దీపం చుట్టూ ముళ్ళు. నాన్న కూడా ఇదే మాట అనేవాడు, ఆవిరి పట్టిన అద్దం అని. అందుకే నేను ఇంక అడగాల్సిందేమీ లేదనుకున్నాను. సూదిలోకి దారం నాలుకతో ఎక్కించడం నేర్చుకున్నా. జూన్‌లో ఒకాయన నల్ల కోటుకి చిరుగు పూడ్చి, ఇస్త్రీ చేసి ఇచ్చాను. నాలుగో రోజు తిరిగి తెచ్చాడు. ఆ నల్ల గుడ్డలో నేను నేసింది నీలం దారంరా. ఇరవై ఎనిమిదేళ్ళ పనిలో ఎవరూ నా రఫూ ఎక్కడుందో వేలు పెట్టి చూపించలేదు. ఆయన పెద్దమనిషి, కేకలేయకుండా కోటు బల్ల మీద పెట్టి నా ముఖం చూశాడు. ఆ రోజు కొట్టు మూసేసి గంటసేపు లోపలే కూర్చున్నాను. సేనాపతి కోటు కూడా నలుపే అయ్యుంటుంది. పోస్టమ్మకి చెప్పకు.

స్తంభం సంగతి నీకు అర్థమయ్యే ఉంటుంది. దాని వెనక కూర్చుంటే, నాకు కనిపించకపోవడానికి కారణం అందరికీ ఎదురుగా నిలబడి ఉంటుంది. ఎవరూ అడగరు.

నీ ఉత్తరం చేతిలో పెట్టుకుని నిన్న ఆటకి వెళ్ళాను. చదవడం కూడా దీపం కింద పెట్టుకుని పూట పట్టింది. కోర్టు నాటకం. సాక్షి బోనెక్కి, “నేను కళ్ళారా చూశాను” అన్నాడు. వాడు అబద్ధమాడుతున్నాడని గొంతులోనే తెలుస్తోంది. మొదటి అంకం అయిపోయి తెర పడింది. జనం లేచి టీ కోసం బయటికి వెళ్తున్నారు. నేను లేవలేదు. “నాకు కళ్ళు పోతున్నాయి” అన్నాను, స్తంభంతో చెప్పినట్టు.

టీచరమ్మ లేవబోయి మళ్ళీ కూర్చుంది. పోస్టమ్మ మాత్రం, “అమ్మయ్య, ఇన్నాళ్ళకి చెప్పావు. నీ అడ్రసులు దిద్దలేక చస్తున్నాను” అంది.

దానికి మూడు నెలలుగా తెలుసురా. నా కవర్లు ఆవిడ కౌంటరు మీదకే వస్తాయి కదా. లైన్లు కొండెక్కుతుంటే చూసి, నీకు చేరవేమోనని దిద్ది పంపేది. ఎందుకు అడగలేదే అంటే, “అడిగితే నువ్వు ఇంక నాటకానికి రావు, ఉత్తరం రాయవు. నాకు నీ సంగతి తెలీదా” అంది. దారంతా చేతులూపుతూ ఆడి చూపించింది కూడా అందుకే. నేను నా మర్యాద కోసం అనుకుని మురిసిపోయాను.

కోర్టు తీర్పు మేం వినలేదు. ముగ్గురం సగంలో బయటికొచ్చేశాం. పోస్టమ్మ ఒక చెయ్యి, టీచరమ్మ ఒక చెయ్యి పట్టుకుని, దొంగని పట్టుకెళ్ళినట్టు కంటాసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడ గడ్డం ఒక ఇనుప గిన్నెలో పెట్టించి వెలుతురు వేసి చూశారు. డాక్టరమ్మ, “చాలా ముదరబెట్టుకున్నారు” అంది. తర్వాత, “పోయేదేం లేదు, వస్తుంది” అంది. నేను మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ చెప్పింది. ఇంకోసారి చెప్పమని అడగబోతే టీచరమ్మ, అర్థమైంది డాక్టరుగారూ అని నన్ను లేపింది. బయటికొచ్చి బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. సిగ్గేం లేదు.

నాన్నకి కూడా ఇదే అయ్యుంటుందా అని అడిగాను. చూడకుండా చెప్పలేనంది. ఆ ఒక్క మాట మింగుడు పడటం లేదు తమ్ముడూ.

మీ బావకి రాత్రే చెప్పాను. తన చొక్కా కేసి చూసుకుని, “అందుకా నా చొక్కాకి రెండు రంగుల బొత్తాలు కుట్టావు, కొత్త ఫ్యాషననుకున్నాను” అన్నాడు. ఆఫీసుకి వారం సెలవు రాసేశాడు.

వచ్చే నెల కుడి కన్ను. అది కుదురుకున్నాక ఎడమది.

నీ కార్డు సంచిలోనే ఉంది. ఎవరికీ చూపించలేదు.

అక్క

(అక్కగారు చెప్పినట్టే రాశాను. కూరగాయల దగ్గర మాత్రం వేరే మాట ఉండేది, మార్చాను. — టీచరమ్మ)

*

రంగుల కొట్టు,
సెప్టెంబరు, గురువారం

అక్కా,

ఉత్తరం కొట్లోనే చదివాను. కౌంటరు దగ్గర ఇద్దరు మనుషులు నిలబడి ఉన్నారు. లేత పచ్చ కలపాల్సింది మూత తీసి అలాగే కూర్చున్నాను. ఒకాయన, ఏమైంది బాబూ అన్నాడు. మా అక్క బాగుందండీ అన్నాను. దానికి ఏడుపెందుకో ఆయనకి అర్థం కాలేదు.

నేనూ ఒకటి దాచాను. నీకు నీతులు రాశాను గానీ, నేనూ కళ్ళ డాక్టరు గడప తొక్కింది లేదు. ఏం చెప్తాడో అని. మొన్న నీ ఉత్తరం పట్టుకుని మీ మరదలు తోడురాగా వెళ్ళాను. నాకు చత్వారమట. నలభై దాటినవాళ్ళందరికీ వచ్చేదేనట. కళ్ళజోడు రాశాడు. పెట్టుకుంటే లెక్కల టీచరులా ఉన్నానని మీ మరదలు అంటోంది. టీచరమ్మగారు ఇది చదివితే మన్నించాలి.

నాన్న సంగతి నాకూ మింగుడు పడటం లేదు. కానీ నీకు జరగలేదు. ఆ ఒక్కటీ చాలనుకుంటాను.

పోస్టమ్మగారికి నా దణ్ణాలు చెప్పు. ఆవిడ ఈ కవరు పట్టుకున్నప్పుడే అందుతాయనుకో.

తమ్ముడు

*

రఫూ కొట్టు, కిటికీ పక్క,
నవంబరు, ఆదివారం

ఒరేయ్ రంగుల డబ్బా,

సన్న పెన్నుతో రాస్తున్నాను. గమనించు.

కుడి కన్ను అయిపోయి నాలుగు వారాలైంది. చుక్కల మందు మీ బావ టైముకి వేస్తున్నాడు. ఒక చుక్క కంట్లో పడితే మూడు చెవిలో పడతాయి. అక్టోబరు నాటకం పోయింది. నేను లేకుండా వాళ్ళిద్దరూ వెళ్ళలేదు, నా మంచం పక్కన కూర్చుని ఆపకుండా మాట్లాడారు. దానికంటే నాటకమే నయం.

గంతలు విప్పిన రోజు సంగతి చెప్తా. మా ఇంటి గోడలు వెన్న రంగని నాలుగేళ్ళుగా అనుకుంటున్నాను. తెలుపురా. నువ్వు పంపిన డబ్బాయే. కుడి కన్ను మూసి ఎడమ కంటితో చూస్తే గోడ మళ్ళీ వెన్న. ఆ రోజంతా అద్దం ముందు ఒక కన్ను మూస్తూ ఇంకోటి తెరుస్తూ గడిపాను. మీ బావ నన్ను చూసి, నాకు కన్ను కొడుతున్నావా ఈ వయసులో అన్నాడు. ఆయన జుట్టు అంత నెరిసిందని నాకెవరూ చెప్పలేదు.

నల్ల కోటాయన్ని పిలిపించి ఆ నీలం దారమంతా విప్పేశాను. లోపలి మడత అంచులోంచి దాని దారమే లాగి, మళ్ళీ నేశాను. ఆయన కిటికీ దగ్గర తిప్పి తిప్పి చూసి, ఎక్కడండీ అన్నాడు. చెప్పలేదు.

నిన్న ఆఖరి నాటకం. టీచరమ్మ మళ్ళీ చీటీలు తీయాల్సిందే అంది. పోస్టమ్మ ఈ ఒక్కసారీ వదిలేయండి, దానికి మధ్య సీటు ఇద్దాం అంది. నేనే ఒప్పుకోలేదు, రూలు రూలే అన్నాను. చెయ్యి పెట్టి తీశాను. స్తంభం నాకే వచ్చింది.

ముగ్గురం ఎంత నవ్వామంటే ముందు వరుసవాళ్ళు తిరిగి చూశారు. వాళ్ళు సీటు మార్చుకుంటామని బతిమాలారు. వెళ్ళి కూర్చున్నాను. సగం వేదికే కనిపించింది గానీ ఆ సగం ఎంత కనిపించిందో. దొరసాని చేతి గుడ్డ 152. ఆమె గుమ్మం దాటేటప్పుడు పెదవి కొరుక్కుంది, ఆ సంగతి పోస్టమ్మ కూడా చూడలేదు, మధ్యలో కూర్చుని. వచ్చేటప్పుడు ఈసారి నేనే వాళ్ళకి కథ చెప్పాను.

ఇంకోటి. మూడు నెలలు దాని వెనక దాక్కున్నానే గానీ ఆ స్తంభం రంగు నేనెప్పుడూ చూడలేదు. బూడిద రంగనుకున్నాను. లేత పచ్చరా. 126. ఎవరో శ్రద్ధగా, బ్రష్షు చారలు లేకుండా వేశారు. నాన్న చూస్తే మెచ్చుకునేవాడు.

నీ కార్డు ఈ పొద్దున విప్పాను. కిటికీ దగ్గరే, ఒక్కదాన్నే. 318 మీద నీ చీటీ ఉంది. “అక్కా, నాన్న సైకిలు రంగు ఇక కలపరట. ఆఖరి డబ్బా నీకోసం దాచాను.” మాట మాటా చదివాను. నీ చేతిరాత కళ్ళు లేనప్పటి నాదానికంటే ఘోరంగా ఉంది.

డబ్బా పంపకు. జనవరిలో ఎడమ కన్ను అవుతుంది. అది అవగానే నేనే వచ్చి తీసుకుంటాను. మూత నా ఎదురుగానే తియ్యి.

మీ అక్క